అక్కడి గౌరవము - ఇక్కడి కర్తవ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేరీలాండు ఒక చిన్న రాష్ట్రము. 2023 జనవరి 18వ తేదీన ఆ రాష్ట్రమునకు ఉపగవర్నరుగా ప్రమాణము చేసిన శ్రీమతి అరుణా మిల్లరుగారు మన తెలుగింటి ఆడపడుచు, పుట్టినింటివారు కాట్రగడ్డవారు. భగవద్గీతపై చేయియుంచి ప్రమాణము చేసిరని విని మనవారెల్లరును పొంగిపోయిరి. పొంగవలసినదే. కాని ఆ గౌరవమెట్లు లభించెనో, ఇచ్చినవారెవరో విచారింపక పొంగుట నిష్ప్రయోజనము.

ఈమె 1964లో హైదరాబాదున జన్మించి, ఏడేండ్ల ప్రాయమున అమెరికా చేరిరి. మిస్సోరీ రాష్ట్రమున సివిలు ఇంజనీరింగు చదివి, మేరీలాండులోని మాంట్‌గోమరీ కౌంటీ రవాణాశాఖలో సుమారు 25 ఏండ్లు పనిచేసిరి. పౌరసత్వము లభించినది 2000వ సంవత్సరమున. అటుపిమ్మట పదేండ్లకే, 2010లో, రాష్ట్ర శాసనసభ దిగువసభకు ఎన్నికైరి. 2018లో కాంగ్రెసు స్థానమునకై స్వపక్షపు ప్రాథమిక ఎన్నికలో నిలిచి ఓడిపోయిరి. ఓడి ఇంట కూర్చుండలేదు. 2022 నవంబరులో వెస్ మూరుగారితో జంటగా నిలిచి గెలిచిరి. మూరుగారు ఆ రాష్ట్రపు తొలి నల్లజాతి గవర్నరు.

మన దేశమున గవర్నరును రాజ్యాంగము 155వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి నియమించును. మన పట్టాభి సీతారామయ్యగారు 1952 మొదలు 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండిరి. అచటి ప్రజల వోటు వారికి అక్కరలేకపోయెను. మేరీలాండునందట్లు గాదు. గవర్నరును ఉపగవర్నరును కలిసి ప్రజలను వోటు యాచింపవలసినదే. కావున ఈ కీర్తిలో సగము అరుణగారిదైన, తక్కిన సగము పరదేశమున బుట్టిన స్త్రీని తమదానిగా నెంచిన ఆ వోటర్లది.

అమెరికా నిర్దోషియని మేమనము. భగత్‌సింగ్ థిండుగారి కేసులో, 1923లో, భారతీయులు పౌరసత్వమున కనర్హులని ఆ దేశపు సుప్రీముకోర్టే తీర్పు చెప్పినది. 1946లో చట్టము మారువరకు ఆ తలుపు మూసియేయుండెను. మూసినవారే తెరచిరి. తెరచుట సాధ్యమని దీనివలన తెలియుచున్నది.

మరి మన తలుపుల మాట యేమి? ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శాసనములను చదివినవారికి తెలియును, చోళులును గాంగులును దూరసీమల నుండి స్వామికి దానములు సమర్పించిరి. వారి దీపములకు నూనె పోయుటకు ముందు మనపూర్వులు ఊరుపేరు అడిగి త్రోసిపుచ్చలేదు. నేడు మన పట్టణములలో ఇండ్లు కట్టువారు, ఇటుకలు కాల్చువారు, హోటళ్లలో గిన్నెలు తోమువారు పలువురు పరజిల్లాలనుండి, పరరాష్ట్రములనుండి వచ్చినవారే. ఇరువదియేండ్లు ఇచటనే యున్నను వారు మనకు 'పైవారు'. అద్దెకిల్లు దొరకదు, వోటరు జాబితాలో పేరుండదు. వారి బిడ్డ రేపు మన పంచాయతీకి పోటీచేసినచో మనలో నెందరు వోటు వేయుదుము? మేరీలాండున మనబిడ్డకు వేయవలెను, మన వీధిలో వారిబిడ్డకు వేయరాదు అనుట యే న్యాయము?

చట్టమున సందిగ్ధము లేదు. భారతదేశమున నెచటనైనను స్థిరపడు హక్కు 19వ అధికరణము ప్రతి పౌరునకును ఇచ్చినది. 1950నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి, 18 ఏండ్లు నిండి, ఒకచోట సాధారణముగ నివసించు పౌరుడు అచట వోటరగుట కర్హుడు. లేనిది చట్టము గాదు, తోడ్పడువాడు.

పఠనమందిరములకు వచ్చు సోదరులకు మా విన్నపమొక్కటే. అరుణగారి పటమునకు పూలదండ వేసి ఊరకుండవలదు. వోటరు జాబితా సవరించునపుడు ఒక్కొక్కరు ఒక్కొక వీధిని చేపట్టి, క్రొత్తగా చేరువారికి 6వ ఫారము, నివాసము మార్చుకొన్నవారికి 8వ ఫారము వ్రాసిపెట్టుడు. అభ్యంతరము చెప్పువారున్న యెడల ప్రక్కన నిలువుడు. పరదేశమున మనవారు పొందిన మన్ననకు మనము తీర్చవలసిన ఋణమిది.