సబబ్ దొరక్కపోతే బీమారీ లేనట్టేనా?

మన ఖాన్‌దాన్లలో ఓ రివాజు ఉంది. మర్జ్‌కు పేరుంటే హమ్‌దర్దీ, పేరు లేకపోతే ఇల్జామ్. షుగర్ ఉన్న మామూకి దావత్‌లో ఖీర్ వడ్డించకుండా అందరూ జాగ్రత్త పడతారు. ఎందుకొస్తుందో తెలియని అలర్జీతో గొంతు మూసుకుపోయే ఆడమనిషికి మాత్రం మూడే జవాబులు: నజర్, వహమ్, నఖ్రా.

నాలుగేళ్లుగా ఈ మూడూ వింటున్నాను. ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరాడక, బీపీ పడిపోయి మూడుసార్లు క్యాజువాల్టీకి వెళ్లాను. పరీక్షల్లో సబబ్ దొరకలేదు. "రిపోర్టులో ఏం లేదుగా, ఇంకేం బీమారీ?" అని ఘర్‌వాలే ఫైసలా చేసేశారు. ఒక ఖాలా వంకాయ మానమంది, ఇంకో ఖాలా గుడ్డు మానమంది, ఫుప్పూ తావీజ్ తెచ్చింది.

రిపోర్టులో లేకపోవడం వేరు, ఒంట్లో లేకపోవడం వేరు. ఒంటినంతా ఒక్కసారిగా కుదిపేసే ఈ అలర్జీకి ఫ్రాన్స్‌లో రిషే, పోర్టియే 1902లోనే 'అనాఫిలాక్సిస్' అని పేరు పెట్టారు. ఆ పనికి 1913లో రిషేకి నోబెల్ కూడా వచ్చింది. కారణం తేలకపోతే డాక్టర్లు దాన్ని 'ఇడియోపతిక్' అంటారు. అంటే కారణం తెలియనిదని అర్థం, ఉత్తుత్తిదని కాదు.

కొన్నిసార్లు సబబ్ దాక్కుని ఉంటుంది. కొందరికి పిడుదు లాంటి పురుగు కుట్టాక గోష్త్ పడకుండా పోతుంది. అదీ తిన్న వెంటనే కాదు, మూడు నుంచి ఆరు గంటల తర్వాత బయటపడుతుంది. కొందరికి గోధుమ రొట్టె తిని ఒళ్లు అలిసేలా పనిచేస్తేనే వస్తుంది. నొప్పి మాత్ర తోడైతే కొందరికి ఇంకా ముదురుతుంది. అందుకే ముందటి గంటల్లో తిన్నదీ, మింగినదీ, చేసిన పనీ రాసిపెట్టి అలర్జీ డాక్టరుకు చూపించాలి. అందాజాతో ఒక్కో తిండీ మాన్పిస్తూ పోవడం ఇలాజ్ కాదు, జుల్మ్.

అసలు మాట ఇది: జాన్ కాపాడటానికి సబబ్ తెలియనక్కర్లేదు. మొదటి దవా అడ్రినలిన్, తొడ బయటివైపు కండరంలోకి. సెట్రిజిన్ దురద తగ్గిస్తుందే గానీ మూసుకుపోయే గొంతును తెరవదు. మనిషిని నడిపించొద్దు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టాలి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు, కాబట్టి ఆసుపత్రి తప్పదు. ఒకసారి వచ్చినవాళ్లు అడ్రినలిన్ దగ్గర పెట్టుకోవడం, ఎంత మోతాదు ఎలా వేయాలన్నది డాక్టరునే అడగాలి. అది నేర్చుకోవడం రోగి ఒక్కదాని జిమ్మేదారీ కాదు. గొంతు మూసుకుపోయినప్పుడు సూది వేయాల్సింది షోహర్, సాస్, ఎదిగిన పిల్లలు.

తవక్కుల్ అంటే ఒంటెను కట్టేసి ఆపైన భరోసా పెట్టుకోవడమని మనకు బచ్‌పన్ నుంచీ చెబుతూనే ఉన్నారు. మరి మా జాన్ దగ్గరికొచ్చేసరికి ఆ తాడు ఎవరి చేతిలోనూ ఎందుకు లేదు?

దువా చెయ్యండి, నాకు కావాలి. ముందు 108కి ఫోన్ చేసి, తర్వాత చెయ్యండి.