పరాయి గడపలో పసిబిడ్డ

మ్యూనిక్, స్టుట్‌గార్ట్, బెర్లిన్ నగరముల వీధులలో తెలుగు మాట వినబడుట నేడు వింత కాదు. ఇంజనీరులు ఆలుబిడ్డలతో తరలిపోయి అచ్చట కాపురములు పెట్టుచున్నారు. వారిని గూర్చి మన పత్రికలలో వచ్చు వార్తలు చాలవరకు వీసాను గురించి, జీతమును గురించి మాత్రమే. కాని ఇంటిలో మూడేండ్ల బిడ్డ యున్నచో అసలు కాపురము ఆ బిడ్డతోనే మొదలగును.

తొలి చిక్కులు చిన్నవి. ఇల్లు చేరిన రెండు వారములలోపల పురపాలక కార్యాలయమున చిరునామా నమోదు చేయించుకొనవలెను. ఉత్తరములు తెచ్చువాడు వాటా నంబరును గాక పెట్టెపైనున్న ఇంటిపేరును చూచును. తెలుగు ఇల్లాలి పాస్‌పోర్టులో పుట్టింటిపేరే యుండుట తరచుగా జరుగును గనుక ఒకే తలుపునకు రెండు ఇంటిపేర్లు తగిలింపవలసివచ్చును. ఇవన్నియు నెల తిరుగునప్పటికి సర్దుకొనును. బిడ్డను బడిలో చేర్చుట మాత్రము అంత సులభముగా తెమలదు.

కిండర్‌గార్టెన్ అను మాట పుట్టినది ఆ దేశముననే. ఫ్రోబెల్ 1837లో బాట్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న ఊరిలో పసిపిల్లలకై ఒక శాల నెలకొల్పి, 1840లో దానికి పిల్లలతోట యను అర్థమిచ్చు ఆ పేరు పెట్టెను. (మన నగరములలో ఆ పేరును ఎల్.కె.జి., యు.కె.జి. అని కుదించి, తోటను తీసివేసి గోడలను మాత్రము ఉంచుకొన్నారు.) ఏడాది నిండిన ప్రతి బిడ్డకు ఇట్టి శాలలోనో, శిశుసంరక్షకురాలి యొద్దనో చోటు పొందు హక్కు 2013 ఆగస్టు 1 నుండి అచ్చటి చట్టమున కలదు. హక్కున్నను పెద్ద నగరములలో చోటు దొరకుటకు నెలల తరబడి వేచియుండవలెను. 2020 మార్చి నుండి తట్టుటీకా వేయించినట్లు రుజువు కూడ చూపవలెను. ఇక్కడి ఆసుపత్రి ఇచ్చిన టీకాల కార్డును పెట్టె అడుగున పడవేయక చేతిసంచిలో పెట్టుకొనిపోయిన తల్లి తెలివైనది.

చోటు దొరకిన పిదప జరుగునది మన ఉపాధ్యాయులు శ్రద్ధగా గమనింపదగినది. బిడ్డను గుమ్మమున దిగవిడిచి తల్లి వెనుదిరుగుట అచ్చట సాగదు. 1980 దశకమున బెర్లిన్‌లో రూపొందిన ఒక పద్ధతిని అనేక శాలలు పాటించుచున్నవి. దాని ప్రకారము మొదటి మూడు దినములు తల్లియో తండ్రియో బిడ్డతోపాటు గదిలో సుమారు ఒక గంట కూర్చుండవలెను. ఆడుకొమ్మని బిడ్డను తొందరపెట్టరాదు. దగ్గరకు వచ్చినచో కాదనరాదు. నాల్గవ దినమున బిడ్డతో చెప్పియే కొద్దిసేపు బయటికి పోవలెను. ఆ ఎడబాటు అరగంటకు మించదు. అప్పుడు బిడ్డ ఏడ్చుట తప్పుగా ఎంచబడదు. ఏడ్చిన బిడ్డ ఆ ఉపాధ్యాయిని ఓదార్పునకు ఊరడిల్లెనా లేదా యనునదే ముఖ్యము. ఊరడిల్లనిచో గడువు రెండు మూడు వారములకు పెరుగును. దీనికై ఉద్యోగమునకు సెలవు పెట్టవలసి వచ్చినందుకు తెలుగు తండ్రులు మొదట విసుగుకొందురు. మన వద్ద జూన్ నెలలో ఏ బడి గుమ్మమున నిలిచినను చెవులపడు ఏడ్పులను స్మరించినచో ఆ విసుగు నిలువదు.

ఆ గదిలో ఒక మూల చిన్న కుర్చీపై కూర్చున్న తల్లిని గూర్చి కూడ చెప్పవలెను. ఆమెకు భాష రాదు. వాన కురియుచుండగా పిల్లలు రబ్బరు లాగులు తొడుగుకొని బురదలో ఆడుట చూచి ఆమె గుండె జారును. రెండేండ్లవారు తమంతట తాము చెంచాతో తినుచుండగా, తన బిడ్డ నోరు తెరచి గోరుముద్దకై ఎదురుచూచుట ఆమెకు సిగ్గు కలిగించును. సిగ్గుపడనక్కరలేదు, అది మరియొక పెంపకము, అంతే. బిడ్డ అలవాటుపడుటకు అంత పకడ్బందీ ఏర్పాటు కలదు గాని ఆమె అలవాటుపడుటకు ఏ ఏర్పాటును లేదు. ఆ వారములలో ఆమెను దినదినము పలుకరించి వినువారెవరైన నున్నచో తరచుగా అది ఫోనులో తల్లిగారి గొంతు మాత్రమే.

ఇంక భాష. కొత్త శాలలో బిడ్డ నెలల తరబడి మాటాడకుండుట కద్దు. కంగారుపడిన తల్లిదండ్రులు తమకు వచ్చీరాని జర్మన్‌లోనో ఇంగ్లీషులోనో ఇంట మాటాడ మొదలిడుదురు. ఇది పొరపాటు. తల్లిదండ్రులు తమకు బాగుగా వచ్చిన భాషనే ఇంట వాడవలెనని అచ్చటి శిశువైద్యులు, ఉపాధ్యాయినులు సాధారణముగా చెప్పుమాట. జర్మన్ ఎట్లును ఆటస్థలమున వచ్చును. తెలుగునకు మాత్రము ఇల్లు తప్ప వేరు చోటు లేదు. అమ్మమ్మయు, నాయనమ్మయు జర్మన్‌లో ‘ఓమా’ అను ఒకే మాటలో కలసిపోవుదురు; పెదనాన్న, బాబాయి, మామయ్య అందరును ‘ఓంకెల్’ అగుదురు. అచ్చట సాయంకాలము ఆరు గంటలగునప్పటికి ఇక్కడ వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలమున పదిన్నర. నిద్ర ఆపుకొని ఫోను ముందు కూర్చున్న ముసలిది “బువ్వ తిన్నావా నాన్నా?” అని యడుగును. బిడ్డ జర్మన్‌లో బదులిచ్చును. నడుమ తల్లి తర్జుమా చేయవలసి వచ్చినచో ఆ సంభాషణ ఎన్నాళ్లు సాగును?

ఈ కుటుంబములలో కొన్ని మూడు నాలుగేండ్లకు తిరిగి వచ్చును. జర్మనీలో ఆరవయేట గాని బడి చదువు మొదలుకాదు. పిల్లలతోటలో అక్షరములు దిద్దింపరు. అట్టి బాలుడు హైదరాబాదులో ఒకటవ తరగతిలో చేరునప్పటికి తోడిపిల్లలు రెండు లిపులలో వ్రాయుచుందురు. తెలంగాణలో 2018 చట్టము వలన అన్ని పాఠశాలలలోను తెలుగు తప్పనిసరియైనది, మంచిదే. కాని ఆ తెలుగు పీరియడులో ఈ బాలుడు మౌనముగా కూర్చుండుట చూచి మందమతియని తలచు ప్రమాదము కలదు. వాడు చెట్టెక్కగలడు, తన బట్టలు తాను తొడుగుకొనగలడు, మరియొక భాషలో కథ చెప్పగలడు. ఇవేవియు మన ప్రవేశపరీక్షలో అడుగబడవు. అక్షరపరీక్షను ఒక టర్ము వాయిదావేసి, మొదటి మూడు దినములు వాని నాయనమ్మను తరగతి వెనుక బల్లపై కూర్చుండనిచ్చుటకు ప్రధానోపాధ్యాయుని అనుమతి చాలును.