ముందు మనసులో చిత్రం

బళ్లారి పట్టణంలోని బ్రూస్‌పేటలో మాకొక పాత ఇల్లు ఉండేది. 1992లో ఒక పండుగనాడు ఆ ఇంట్లో మా నాయన ఫోటో తీశాను. కెమెరా అరువు తెచ్చినది. రీలులో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది. నాయన పంచె సర్దుకొని, నడవలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఆయన వెనుక వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బయట బళ్లారి ఎండ మండిపోతోంది.

“ఒరే, ముఖం సరిగా పడుతుందా? చూసుకున్నావా?” అని అడిగాడు.

“పడుతుందిలే, నాయనా” అని మీట నొక్కేశాను.

రీలు కడిగించి చూస్తే తలుపు వెలిగిపోతోంది. నాయన ముఖం మాత్రం నల్లని మరకలా ఉంది. మళ్ళీ తీద్దామనుకుంటూనే ఏడాది గడిచింది. అంతలో నాయన కాలం చేశాడు.

తప్పు కెమెరాది కాదు. మన కన్ను ఎండనూ నీడనూ సర్దుకొని చూడగలదు. కెమెరాకు అంత శక్తి లేదు. కుర్చీని నాలుగడుగులు జరిపి, నాయన ముఖాన్ని వెలుగువైపు తిప్పి ఉంటే సరిపోయేది. అందుకు కావలసినది ఒక్క నిమిషం ఆలోచన. ఛాయాచిత్రం మొదట మనసులో సిద్ధం కావాలనీ, కెమెరా పని ఆ తర్వాతిదేననీ నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

మన ఊరి కుంబార గుడ్డనే చూడండి. ఒక దిక్కు నుంచి చూస్తే అది మనిషి ముఖంలా కనిపిస్తుంది. మరో దిక్కు నుంచి చూస్తే వట్టి రాళ్ళ గుట్ట. గుట్ట మారలేదు, మనం నిలిచిన చోటు మారింది. ఎక్కడ నిలవాలో నిర్ణయించుకోవడమే ఛాయాగ్రాహకుని మొదటి పని.

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ఛాయాగ్రాహకుడు 1927లో యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే పెద్ద కొండను చిత్రించడానికి వెళ్ళాడు. చివరకు అతని దగ్గర రెండు గాజు ఫలకాలే మిగిలాయి. కెమెరా కంటికి పసుపు గాజు తొడిగి ఒక ఫలకం వాడాడు. కాని తన మనసులోని కొండ అందులో రాదని అతనికి వెంటనే తోచింది. ఆకాశం నల్లబడి, రాయి గంభీరంగా నిలవాలని అతని ఊహ. ఎర్ర గాజు నీలి వెలుగును ఆపుతుంది కనుక దానిని తొడిగి చివరి ఫలకం వాడాడు. ఆ చిత్రమే లోకప్రసిద్ధమైంది. నా దగ్గరా ఒక్క ఫోటోకే అవకాశం ఉండింది. అతడు ఆలోచించాడు, నేను ఆలోచించలేదు.

బళ్లారికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న హంపీని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి ఛాయాచిత్రాలలో బంధించాడు. మైనం పట్టించిన పెద్ద పెద్ద కాగితాలపై, నిమిషాల తరబడి వెలుగు పడనిచ్చి తీయవలసిన కాలమది. చోటూ వేళా ముందే ఎంచుకోక తప్పదు. ఆయన చిత్రంలో రాతిరథం పైన ఇటుకల శిఖరం కనిపిస్తుంది. నేడు ఆ శిఖరం లేదు. ఆనాటి శ్రద్ధ వల్లనే దానిని మనం చూడగలుగుతున్నాము.

“ఎగిరే పిట్టను, పసిపాప నవ్వును ముందే ఊహించి తీయగలమా?” అని మీరు అడగవచ్చు. నిజమే, పిట్ట ఎప్పుడు ఎగురుతుందో మన చేతిలో లేదు. కాని వెలుగు ఎటునుంచి రావాలి, వెనుక ఏమి కనబడాలి, ఎంత దూరంలో నిలవాలి అన్నవి మన చేతిలోనివే. అవి సిద్ధం చేసుకొని కాచుకున్నవానికే ఆ క్షణం దక్కుతుంది.

ఇప్పుడు చేతి ఫోనులో వందల ఫోటోలు తీయవచ్చు. రీలు అయిపోతుందన్న భయం లేదు. ఆ భయంతో పాటు ఆలోచన కూడా పోతున్నదేమోనని నా దిగులు.

విద్యార్థులారా! తెలుగు, కన్నడం కలిసి వినిపించే వీధులలో మీ అవ్వాతాతలు ఉన్నారు. వారి ఫోటో తీసే ముందు, అందులో మీకు ఏమి కనబడాలో ఒక కాగితంపై గీసుకోండి. అవ్వ ముఖమా? రోకలి పట్టిన ఆమె చేతులా? తాత కూర్చునే అరుగా? అది తేల్చుకొని, వారిని వెలుగువైపు తిరిగి కూర్చోమని అడగండి. మీట ఆ తర్వాత నొక్కవచ్చు.