విటమిన్ పరీక్ష ఎవరికి చేయాలి?

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ ఏది తీసుకున్నా ఇప్పుడు విటమిన్ డి, బి12 అందులో ఉంటున్నాయి. ఏ బాధా లేని ముప్పై ఏళ్ల ఉద్యోగి రిపోర్టులో డి 24 అని వస్తుంది, పక్కన ‘తక్కువ’ అని ఉంటుంది. ఇంకేం, వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి మొదలు.

ఇంతకీ 24 తక్కువేనా? రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములుంటే దాదాపు అందరికీ సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010 చివర్లో తేల్చింది. 2011లో అక్కడి ఎండోక్రైన్ సొసైటీ మాత్రం 30 ఉండాలంది. 2024లో ఆ సంస్థే 30 గీతను వదిలేసి, ఆరోగ్యంగా ఉన్నవారికి ఊరికే ఈ పరీక్ష చేయొద్దని చెప్పింది. మన ల్యాబుల్లో చాలాచోట్ల ఆ గీత ఇంకా చెరగలేదు.

అసలు పరీక్ష అవసరమైనవారు వేరే ఉన్నారు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో కొందరికి బి12 సరిగా ఒంటబట్టదు. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు మొదలవుతాయి. షుగరు ముదిరినా అవే లక్షణాలు కాబట్టి, అసలు కారణం వెతక్కుండానే ‘షుగరు వల్లే’ అని సరిపెట్టేసే ప్రమాదం ఉంది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూడకపోవచ్చు. పూర్తి శాకాహారులూ, వయసు పైబడినవారూ, గ్యాస్ మాత్రలు ఏళ్లుగా మింగేవారూ ఈ జాబితాలోనివారే.

హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే బి12 లోపం దొరకదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ కంపెనీ బృందం 1945లో రక్తహీనతకు వాడే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసి ఎందరికో మేలు చేసింది. అయితే బి12 లోపంతో వచ్చిన రక్తహీనత కూడా ఆ మందుతో తగ్గుతుంది, నరాల జబ్బు మాత్రం ఆగదు. రక్తం పట్టిందని అందరూ ఊరట చెందుతుంటే లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

బి12 అంకెనూ గుడ్డిగా నమ్మలేం. పరీక్షలో తేలే బి12లో చాలా భాగం కణాలు వాడుకోలేనిది. అంకె అంచున ఉంటే మిథైల్ మలోనిక్ ఆమ్లం, హోమోసిస్టీన్ పరీక్షలు అసలు సంగతి చెబుతాయి. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తాయని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. అవి వాడుతుంటే రక్తం ఇచ్చేముందే ఆ సంగతి చెప్పాలి.

మెట్‌ఫార్మిన్ వాడేవారికి అప్పుడప్పుడూ బి12 చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సిఫార్సు చేస్తోంది. మన ప్రభుత్వాలు షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తున్నాయి. ఏళ్లుగా అవే మాత్రలు తీసుకెళ్తూ కాళ్ల తిమ్మిర్లని చెప్పుకునేవారికి ఈ పరీక్షనూ ఉచితంగా, అడగకుండానే చేయించాలి.