తల్లియు వెట్టియు

వెట్టిచాకిరి యనగానే మనకు దొరగారి పొలమును, గడియును, అప్పుపత్రమును జ్ఞప్తికి వచ్చును. ఆ కథలో తల్లి యెక్కడనో మూలను నిలిచియుండును. మా యభిప్రాయమున వెట్టి యెంత చెడ్డదో తెలియవలసినది ఆ తల్లిని చూచియే.

నిజాము కాలమున తెలంగాణమునందు పెండ్లికో తిండిగింజలకో తెచ్చిన కొద్దిపాటి యప్పునకు తండ్రి భగేలాగా దొరయింట జీతముండెడివాడు. అప్పు తీరకయే యతడు కన్ను మూసినయెడల కొడు కా కాడి నెత్తుకొనెడివాడు. వడ్డీ లెక్క దొర కలమున నుండెను గాని తల్లి వ్రేళ్లమీద లేదు. కూతురి సంగతి యంతకంటె ఘోరము. దొరబిడ్డ యత్తవారింటి కేగునపుడు సారెతోబాటు ఒక పనిపిల్లను ఆడబాపగా పంపెడివారు. బిందెలతోను పెట్టెలతోను పోయిన యా పిల్లకు పెండ్లి లేదు, తనదను నిల్లు లేదు; ఆమె కడుపున పుట్టినవారును ఆ గడి సొత్తే. కన్నతల్లి సమ్మతి నడిగినవా రెవ్వరు?

అమెరికాలో హేరియట్ జేకబ్స్ అను బానిసతల్లి, యజమానికి చిక్కక, బిడ్డలను విడిచిపోలేక, 1835 మొదలు ఇంచుమించు ఏడేండ్లు తన యమ్మమ్మ యింటి చూరుక్రింద, లేచి నిలుచుటకైన చాలని చోట దాగియుండెను. చిన్న రంధ్రముగుండ బిడ్డల యాటలు చూచుచు, తానున్నట్లు వారికి తెలుపజాలకుండెను. ఆమెకు చదువు వచ్చును గనుక 1861లో తన కథ నచ్చువేయించెను. మన తల్లులకు ఆ చదువు దక్కలేదు.

1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వెట్టిబాకీల నన్నిటిని కొట్టివేసెను. మంచి చట్టమే. కాని తల్లిమొగ మెఱుగక దూరపు గడిలో పెరిగిన కూతును ఏ కచ్చేరి తెచ్చియియ్యగలదు?

మంచిర్యాలకు గోదావరి యావలియొడ్డు పాత కరీంనగరు జిల్లా. అచ్చటి దొరల బాధ పడలేక నది దాటి బొగ్గుగనులకు వచ్చిన కుటుంబము లనేకము. గని సుఖమైన చోటు కాదు, మనుష్యులను మ్రింగునది. అయినను రాత్రికి బిడ్డలందఱు నొక్క గుడిసెలో పండుకొందురు. ఆ తల్లికి అదియే పెద్ద జీతము. కూలిరేట్లను మాత్రమే లెక్కించి యీ సంగతిని విడిచిపెట్టుట మాకు సరిగా తోచదు.

విద్యార్థులారా, సెలవులకు పోయినపుడు మీ యింటి ముసలమ్మల నడుగుడు: మనవారిలో ఎవ్వరే గడికి పోయిరి? వారి పేరేమి? మొదట నవ్వి త్రోసివేయుదురు. దీపము పెట్టిన పిమ్మట ప్రక్కన గూర్చుండి మరల నడుగుడు.