పాత కోడే కదా, పడి ఉండనీ!

"ఆ ఫైల్ జోలికి మాత్రం వెళ్లకు. ఎందుకుందో ఎవరికీ తెలీదు. తీసేస్తే ఏమవుతుందో అసలే తెలీదు."

కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లు తొందర్లోనే వినే మాట ఇది. సీనియర్ చెప్పాడు కదా అని తలూపేస్తాం. రెండేళ్లు తిరిగేసరికి మన జూనియర్‌కి మనమే అదే మాట చెబుతాం.

ఈ జబ్బుకి సాఫ్ట్‌వేర్ వాళ్లు పెట్టుకున్న పేరు 'లావా ఫ్లో'. లావా వేడిగా ఉన్నప్పుడు పారుతుంది. చల్లారితే రాయి, ఇక కదలదు. హడావిడిలో రాసిన కోడ్ కూడా అంతే. దాని పని అయిపోయినా, రాసినవాళ్లు కంపెనీ మారిపోయినా, అది మాత్రం అక్కడే ఉంటుంది.

"ఉంటే ఉంది, తిండేమైనా పెడుతున్నామా?" అంటారా? అయితే అమెరికాలో జరిగిన ఈ సంగతి వినండి.

నైట్ క్యాపిటల్ అక్కడి షేర్ మార్కెట్‌లో పెద్ద ట్రేడింగ్ కంపెనీ. వాళ్ల సిస్టమ్‌లో 'పవర్ పెగ్' అనే ఫీచర్ ఉండేది. 2003లోనే వాడటం మానేశారు, కోడ్ మాత్రం తీసేయలేదు. 2012లో ఒక కొత్త ఫీచర్ రాశారు. దాన్ని ఆన్ చేయడానికి కొత్త ఫ్లాగ్ పెట్టకుండా, పవర్ పెగ్‌ని ఆన్ చేసే పాత ఫ్లాగ్‌నే వాడుకున్నారు. పాత స్విచ్‌కే కొత్త లైటు కలిపినట్టన్నమాట.

మొత్తం 8 సర్వర్లు. కొత్త కోడ్ ఏడింటికి ఎక్కింది, ఒకటి మిగిలిపోయింది. రెండో మనిషి చెక్ చేయాలన్న రూలే లేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే, ఆ ఒక్క సర్వర్‌లో తొమ్మిదేళ్లుగా నిద్రపోతున్న పవర్ పెగ్ లేచి కూర్చుంది. ఆర్డర్ పూర్తయిందని దానికి తెలిసే దారి లేదు. అందుకే కొంటూనే, అమ్ముతూనే పోయింది.

కంగారులో ఏం చేశారో తెలుసా? బాగా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో పాత దెయ్యం వాటిలోనూ లేచింది! 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు, 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఏడాది తిరగకుండానే ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

ఒక సర్వర్ మర్చిపోయిన ఉద్యోగిని తిట్టడం తేలికే. కానీ మందుపాతర తొమ్మిదేళ్ల కిందటే పెట్టి ఉంది. అతను కాలు వేశాడంతే.

మనవాళ్లలో ఎంతమంది ఈ ఫీల్డ్‌లో ఉన్నారో చెప్పక్కర్లేదు. అప్రైజల్‌లో "ఎన్ని ఫీచర్లు ఇచ్చావు?" అని అడుగుతారు. "ఎంత చెత్త తీశావు?" అని అడిగే మేనేజర్ ఎక్కడో గానీ ఉండడు. అసలు రోగం అక్కడే ఉంది.

కాబట్టి మనమే మొదలుపెడదాం. వాడని కోడ్ కనిపిస్తే, అది నిజంగా ఎవరికీ అక్కర్లేదని తేల్చుకుని తీసేయండి. గిట్‌లో పాత కాపీ ఉంటుంది, ఎక్కడికీ పోదు. పాత ఫ్లాగ్‌కి కొత్త పని అప్పగించకండి. రిలీజ్ రోజు రెండో జత కళ్లు తప్పనిసరి. తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్లాలో ముందే రాసి పెట్టుకోండి.

ఒక ఫైల్‌ని ముట్టుకోవడానికి టీమ్ మొత్తం భయపడుతోందంటే, ముందు చదవాల్సింది ఆ ఫైలే.