తిన్నది వెయ్యిమంది, తీర్చేది ఒక్కరు

“జీవితంలో ఒక్కసారి చేసే పెళ్లి, ఆ మాత్రం ఖర్చుపెట్టకపోతే ఎలా?” ఈ మాటకు మన ఇళ్లలో ఎదురు లేదు. పెళ్లికూతురి మేనమామ అంటాడు, ఫంక్షన్ హాలు మేనేజరు అంటాడు, నగల షాపులో సేల్స్‌మన్ అంటాడు, ఆల్బమ్ తిప్పి చూపిస్తూ ఫొటోగ్రాఫరూ అంటాడు. బాకీ తీర్చాల్సిన మనిషి నోట మాత్రం అంత ధీమాగా రాదు. ఆయన తలూపి ఊరుకుంటాడు. ఆ రాత్రి పొలం కాగితాలో ఇంటి కాగితాలో బీరువాలోంచి బయటికి తీస్తాడు.

ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు తెచ్చాడనుకుందాం. నెలకు పదివేల వడ్డీ. మూడేళ్లలో 3,60,000 కట్టాక కూడా అసలు ఐదు లక్షలూ చెక్కుచెదరకుండా అలాగే ఉంటాయి. బ్యాంకువాళ్లు పర్సనల్ లోను 14 శాతానికి ఇచ్చినా ఐదేళ్లపాటు నెలకు 11,600 పైచిలుకు కిస్తీ. అన్నీ కలిపితే దాదాపు ఏడు లక్షలు. పెళ్లి ఒక్కసారే, నిజమే. కిస్తీ మాత్రం అరవైసార్లు. మొదటి లెక్క చెప్పేవాళ్లెవరూ రెండో లెక్క ఎత్తరు.

తక్కువ డబ్బుతో, తక్కువమందితో, ఇంటివాళ్లే తలా ఓ పని అందుకుని చేసుకునే పెళ్లిని మనం తక్కువరకం పెళ్లిగా చూస్తున్నాం. “పాపం, స్తోమత లేదు” అనో, “డబ్బుండీ పిసినారితనం” అనో అంటున్నాం. ఈ చూపు తప్పు. శాస్త్రం ప్రకారం తప్పు, చట్టం ప్రకారం తప్పు, మన చరిత్ర ప్రకారం కూడా తప్పే.

చట్టం సంగతి ముందు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. అందులో ఏడో సెక్షన్ అడిగేది ఒక్కటే: వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం జరగాల్సిన తంతు జరిగిందా లేదా. సప్తపది ఉన్నచోట ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టానికైతే ముప్ఫై రోజుల ముందు నోటీసూ, ముగ్గురు సాక్షులూ చాలు. 2024లో సుప్రీంకోర్టు ఇంకాస్త గట్టిగానే చెప్పింది: హిందూ వివాహం ఆటపాటలకూ విందు వినోదాలకూ పెట్టుకునే కార్యక్రమం కాదు, తంతు జరగకపోతే రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నా అది పెళ్లి కాదు అని. ఎన్ని రకాల స్వీట్లు వడ్డించారన్న ప్రశ్న ఏ సెక్షన్‌లోనూ లేదు.

శాస్త్రం చట్టం కన్నా పొదుపరి. పెద్దలు గడియారం చేత్తో పట్టుకుని ఎదురుచూసే సుముహూర్తం దేనికి? జీలకర్ర బెల్లం పెట్టడానికి. ఆ ముద్దకు కావలసిన రెండు సరుకులూ ప్రతి వంటింటి డబ్బాల్లో ఉంటాయి. తాళి కట్టే వేళకు వధూవరులు కట్టుకునేవి మధుపర్కాలు; రంగు అంచున్న తెల్లటి నూలు బట్టలు. ఆ రోజు పెళ్లింట్లో కనిపించే బట్టలన్నిటిలోకీ చవకైనవి దాదాపు అవే. అసలు ఘట్టానికి నూలుబట్ట చాలన్నారు మన పెద్దలు. లక్ష రూపాయల చీర ఫొటోల కోసం మనం చేర్చుకున్నది.

“సంప్రదాయం” అనే మాట మీదకే వస్తాను, ఎందుకంటే ఆడంబరానికి అడ్డం పెట్టేది దాన్నే. ఈమధ్య ఒక ఈవెంట్ సంస్థవాళ్లు ఇచ్చిన కొటేషన్ నా చేతికి వచ్చింది. ఎంట్రన్స్ ఆర్చి, సెల్ఫీ పాయింటు, హల్దీ సెటప్పు, సంగీత్ స్టేజీ, ఎల్ఈడీ గోడ, పొగల మధ్య వధూవరుల ప్రవేశం, వాళ్లు నడుస్తుంటే రెండు పక్కలా నిప్పురవ్వలు చిమ్మే మిషన్లు, డ్రోను. పురోహితుడి కోసం వెతికితే ఆ పట్టీలో లేడు. చివరి పేజీలో “క్లయింటు చూసుకోవాల్సినవి” అన్న వరుసలో, జనరేటర్ డీజిలు పక్కన ఉన్నాడు. హల్దీ, సంగీత్ అన్నవి సినిమాలతో పాటు ఉత్తరాది నుంచి దిగినవి. సరదాగా చేసుకునేవాళ్లు చేసుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. వాటిని మన ఆచారమని చెప్పి బిల్లు వేస్తేనే అభ్యంతరం.

మన ఆచారం పసుపు కొట్టడంతో మొదలవుతుంది. రోట్లో పసుపుకొమ్ములు వేసి ముత్తయిదువులు తలా ఓ రోకటిపోటు వేస్తారు. అంటే పెళ్లిలో మొదటి వేడుకే ఒక పని. తర్వాత పందిరికి రాట వేసేదీ, పక్కతోటలో కొబ్బరాకులు కొట్టుకొచ్చి కప్పేదీ అన్నదమ్ములు. మామిడాకుల తోరణం కట్టేది ఊళ్లో కుర్రాళ్లు. విస్తళ్లు కుట్టేదీ, తలంబ్రాల బియ్యానికి పసుపు పట్టించేదీ అత్తలూ పిన్నులూ. అరివేణి కుండలు కుమ్మరి ఇంటినుంచి మేళంతో వచ్చేవి. పాతకాలమంతా బంగారమని నేను అనను. కట్నాల కోసం ఆస్తులు అమ్ముకున్న తండ్రులు అప్పుడూ ఉన్నారు. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకం పుట్టింది ఆ దుఃఖంలోంచే. విచిత్రమేమంటే ఆ కాలం నుంచి మనం ఖర్చును జాగ్రత్తగా తెచ్చుకున్నాం, చేతిసాయాన్ని అక్కడే వదిలేశాం.

చరిత్ర మాటకొస్తే, ఆధునిక కాలంలో తెలుగువాళ్లు తలచుకునే మొదటి పెళ్లి 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగింది. వీరేశలింగం చేయించిన తొలి వితంతు వివాహం. ఊరు ఎదురు తిరిగింది. ఆ పెళ్లిళ్ల రోజుల్లో వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టింది. ఆ విందులో ఎన్ని వంటకాలున్నాయో ఇవాళ ఎవరికీ పట్టదు. తర్వాతి తరంలో త్రిపురనేని రామస్వామి తెలుగులోనే ‘వివాహవిధి’ రాసి, తానే దగ్గరుండి పెళ్లిళ్లు చేయించారు. కమ్యూనిస్టుల ఇళ్లలోనైతే సభ పెట్టి, రెండు దండలు మార్చుకుని పెళ్లయిందనిపించుకున్న జంటలు ఎన్నో. వాళ్ల కాపురాలు దండల ధరను బట్టి నిలబడలేదు.

అంతదూరం ఎందుకు? కరోనా వేళ, 2020 మే నెలలో, కేంద్రం పెళ్లికి యాభైమందిని మించకూడదంది. అప్పటిదాకా వెయ్యి కార్డులు అచ్చు వేయించిన కుటుంబాలు నోరు మెదపకుండా ఇంటి డాబా మీద పందిరి వేసుకున్నాయి. మిగతా చుట్టాలు ఫోన్లలో చూసి అక్షింతలు వేశారు. ఎవరూ అలగలేదు. ప్రభుత్వం ఉత్తర్వు వేస్తే తలొగ్గిన చుట్టరికం, కన్నతండ్రి తన స్తోమత ఇంత అని చెబితే ఎందుకు ముఖం తిప్పుకోవాలి?

ఇక ఆక్షేపణలు. మొదటిది చదివింపులు. “అందరి పెళ్లిళ్లకూ వెళ్లి చదివించాం, మావి మాకు తిరిగి రావద్దా?” అంటారు. భోజనం మనిషికి ఐదు వందలు అనుకోండి. నలుగురు వచ్చి భోంచేసి 1,116 చదివిస్తే ఆ కుటుంబం మీద మనకు 884 రూపాయలు చేతినుంచి పడ్డాయి. పెట్టింది రాబట్టుకోవాలంటే ఇంతకన్నా నష్టపు బేరం ఇంకోటి లేదు.

రెండోది, “చిన్నగా చేస్తే ఏదో దాస్తున్నారనుకుంటారు.” చాటుగా చేయడం వేరు, చిన్నగా చేయడం వేరు. ఊళ్లో అందరికీ కబురు పెట్టి, కొద్దిమందిని భోజనానికి పిలిచి, వారం తిరక్కుండా పెళ్లి రిజిస్టరు చేయిస్తే దాచిందేముంది? పైగా ఘనంగా చేసినంత మాత్రాన నోళ్లు మూతపడతాయా? ఏసీ చాల్లేదంటారు, రెండో పంక్తికి ఐస్‌క్రీం అయిపోయిందంటారు, మగపెళ్లివారికి మర్యాద తగ్గిందంటారు.

మూడోది బతుకుతెరువు వాదన: పెద్ద పెళ్లిళ్ల మీద ఎందరో బతుకుతున్నారు కదా అని. పట్టించుకోవాల్సిన మాటే. అయితే ఆ కొటేషన్లో సన్నాయి మేళం “అవసరమైతే” అన్న కుండలీకరణాల్లో ఉంది, డీజే మాత్రం మొదటి పేజీలో ఉంది. చిన్న పెళ్లి సన్నాయివాళ్లను నేరుగా మాట్లాడుకుంటుంది, వంటమేస్త్రిని నేరుగా పిలుచుకుంటుంది. పూలు కడియపులంక మార్కెట్లోనో హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లోనో తెల్లవారుజామున కొనుక్కుంటుంది, చీర మంగళగిరి మగ్గం మీద నేసింది తీసుకుంటుంది. ఖర్చయిన రూపాయి పనిచేసినవాడికే అందుతుంది.

నాలుగో ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది. “మనమే చేసుకుందాం” అంటే చివరికి ఇంట్లో ఆడవాళ్లే చేయాలి కదా? రాజ్యలక్ష్మమ్మ నీళ్లు మోసిందని గర్వంగా చెప్పుకున్నాం. ఆవిడ నడుము నొప్పి ఎవరికి తెలుసు? పెళ్లికూతురి తల్లి ముహూర్తం వేళ కూడా గాడిపొయ్యి దగ్గరే ఉండేలా చేసే పెళ్లి చిన్నదైనా పెద్దదైనా అన్యాయమే. అందుకే నా లెక్కలో మొదటి ఖర్చు వంటమనిషి కూలి. అందులో పొదుపు చేయకూడదు. వడ్డన, పందిరి, కూరగాయల సంత, గిన్నెల లెక్క, చుట్టాలను బస్టాండు నుంచి తీసుకురావడం మగవాళ్ల పేర్ల మీద కాగితం మీద రాసిపెట్టాలి. నోటిమాటగా వదిలేసిన పని తిరిగి తిరిగి పిన్నిగారి దగ్గరకే చేరుతుంది.

ఇంతకీ అది అయ్యే పనేనా? అవుతుంది, ముందు మనుషుల లెక్క తేలితే. మనవాళ్లు హాలు మాట్లాడుకుని, దాన్ని నింపడానికి చుట్టాలను వెతుకుతారు. తిరగెయ్యాలి. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ పేరుపెట్టి పిలవగలిగినవాళ్లు ఎందరో రాసుకోండి. సాధారణంగా వంద దగ్గర పట్టీ ఆగుతుంది. వందమందికి హాలు అక్కర్లేదు. గుడి మండపం చాలు, ఇంటిముందు షామియానా చాలు. తిరుమల కల్యాణవేదికలోనైతే పురోహితుణ్నీ మంగళవాద్యాన్నీ దేవస్థానమే ఉచితంగా ఇస్తుంది. మూఢాలూ ఆషాఢమూ పుష్యమాసమూ పోగా మిగిలిన మంచిరోజుల్లో అందరూ ఒకే లగ్నం మీద పడితే పూల దగ్గర్నుంచి పంతులుగారి దక్షిణ దాకా అన్నీ పెరుగుతాయి. వారం మధ్యలో ఇంకో ముహూర్తం చూడమని అడిగితే ఏ పంతులుగారూ కాదనరు.

భోజనం అరిటాకులో. పులిహోర, మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, సాంబారు, అప్పడం, బూరె, గడ్డపెరుగు. వందమందికి పులిహోరతో కలిపి పద్నాలుగు కిలోల బియ్యం, మూడు కిలోల కందిపప్పు, పదిహేను లీటర్ల పెరుగు ఉంటే ఎవరూ ఆకలితో లేవరు. ఒక వంటమేస్త్రి, ఇద్దరు సహాయకులు, అద్దెకు తెచ్చిన గుండిగలు. నలభై రకాల బఫేలో అన్నీ కాస్త కాస్త వడ్డించుకుని, సగం ప్లేటు టబ్బులో పడేసి వచ్చే భోజనం కన్నా “ఇంకో బూరె వేయించుకోండి బాబాయ్” అని కొసరే వడ్డన ఏ విధంగా తక్కువ? తెలంగాణ ప్రభుత్వం పేదింటి ఆడపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి కింద ఇచ్చేది 1,00,116 రూపాయలు. పుస్తెల బంగారం పక్కనపెడితే ఇలాంటి పెళ్లి ఆ సొమ్ముకు కాస్త అటూ ఇటూగా జరిగిపోతుంది. అదే సొమ్ము హాలు అద్దెకే చాలదనిపిస్తోందంటే పెరిగింది ధరలొక్కటే కాదు.

చిన్న పెళ్లి పేరుతో గోవా రిసార్టులో యాభైమందికి చేసే వేడుకను ఇందులో కలపకండి. అక్కడ తగ్గింది అతిథులే.

ఈ దుబారాను చట్టంతో ఆపాలని చూసినవాళ్లున్నారు. పెళ్లి ఖర్చు ఐదు లక్షలు దాటితే అందులో పదిశాతం పేద ఆడపిల్లల పెళ్లిళ్లకు ఇవ్వాలంటూ 2016లో ఎంపీ రంజీత్ రంజన్ ఒక ప్రైవేటు బిల్లు తయారుచేశారు. అది చట్టం కాలేదు. అయినా పెద్దగా మారేది ఉండేది కాదు, ఎందుకంటే ఇక్కడ ముద్దాయి పెళ్లి చేసేవాడు కాదు. కార్డు రాలేదని ఏడాదిపాటు మాట్లాడటం మానేసే పెదనాన్న, మెనూ గురించి వాట్సాప్‌లో వెటకారమాడే బావగారు, “మా అమ్మాయికైతే రెండువేలమంది వచ్చారు” అని పనిగట్టుకుని గుర్తుచేసే పక్కింటావిడ. అంటే అతిథులం, మనమే. ఆ తండ్రి అప్పు తెచ్చింది మన మాటలకు భయపడి.

కాబట్టి మారాల్సిందీ మనమే. పిలవని పెళ్లికి అలగకండి. ఆ జంటకు ఫోన్ చేసి దీవించండి. పిలిస్తే చదివింపు కవరు పెళ్లిరోజు దాకా దాచకుండా వారం ముందే ఇచ్చేయండి, బియ్యం బస్తాకో షామియానా అడ్వాన్సుకో పనికొస్తుంది. పెళ్లికి వెళ్లాక కుర్చీ వెతుక్కునేముందు వడ్డన బకెట్టు ఒకటి అందుకోండి. అప్పు లేకుండా పిల్ల పెళ్లి చేసిన మనిషి ఎదురైతే, ఎంతమంది వచ్చారని అడగడం మాని, ఎలా చేశారో అడిగి రాసుకోండి. రేపు మనింట్లోనూ పెళ్లి ఉంది.